పదిహేడు మళ్లు

యేసమ్మ కూతురి సంచి సర్దుతోంది.

రెండు చీరలు, దువ్వెన, గుడ్డలో చుట్టిన నాలుగు జొన్నరొట్టెలు. అన్నిటికంటే పైన, ప్లాస్టిక్ కవరులో పెట్టిన తూకం రిజిస్టరు. సర్దిందంతా తీసి మళ్లీ సర్దింది. ఇంట్లోంచి సంచి బయటికి వెళ్తోందంటే ఆమెకు చేతులు నిలవవు.

"మళ్లెప్పుడొస్తవు బిడ్డా?"

"సోమారం వస్త. ఎన్నిసార్లు చెప్పాలె అవ్వా?" అంది రూతు.

రూతుకు రుద్రూర్‌లో, చెరుకు పరిశోధన పొలాల్లో తాత్కాలిక ఉద్యోగం. పన్నెండు రకాల చెరుకును నలభై ఎనిమిది మళ్లలో వేసి, ఏది ఎక్కువ తూగుతుందో చూశారు. నరికిన చెరుకు తూచి రిజిస్టరులో రాసింది యేసమ్మే. ఆమె అక్కడ కూలీల మేస్త్రీ. రాత్రిబడిలో నేర్చిన రాత.

ఆ లెక్క శనివారం హైదరాబాదు మీటింగులో చూపించాలి. చూపిస్తే రూతు ఉద్యోగం ఉంటుంది. లేకపోతే మార్చితో సరి.

లెక్కే కుదరడం లేదు.

రూతు తూకాలన్నీ కంప్యూటరులో కొట్టింది. గణాంకాల ప్రోగ్రాం ముప్పై ఒక్క మళ్లనే చూపిస్తోంది. పదిహేడు మళ్లు ఎటు పోయాయో తెలియదు.

నిజామాబాదులో తుకారాం నడిపే నెట్ సెంటరు ఉంది. అక్కడి మిషన్లలో ఆ ప్రోగ్రాం ఎవరో ముందే ఎక్కించి పెట్టారు. మంగళవారం అక్కడ కూర్చుని, ఎక్కడెక్కడి వాళ్లో ఆ ప్రోగ్రాం తిప్పలు ఈమెయిలులో ఒకరికొకరు విప్పిచెప్పుకునే గుంపుకు, నిజామాబాదు తుకారాం సెంటరు నుంచి అంటూ తన గోడు రాసింది.

ఒకాయన ముందు పుస్తకం చదవమని మందలించాడు. ఇంకొకాయన ఏ వెర్షన్ అని అడిగి ఊరుకున్నాడు.

"ఎన్" అని సంతకం పెట్టే ఒక్కరు మాత్రం, మొదటి పది వరసలు పంపమన్నారు. అంతే. పలకరింపు లేదు. సార్, మేడం లేదు.

ఎవరో పెద్ద దేశపు ప్రొఫెసరు, మనలాంటి వాళ్లకు ఒక మాట ఎక్కువ రాయడానికి కూడా చేతులు రావు అనుకుంది రూతు. అయినా పంపింది.

ఈ శుక్రవారం, హైదరాబాదు బస్సుకు ముందు సెంటరులో దిగింది. ఒకటో నంబరు మిషన్ ముందు కూర్చుని చూస్తే ఎన్ జవాబు వచ్చి ఉంది.

పైదే అని పెట్టే గీతలు అవి. ప్రోగ్రాంకు కొటేషన్ గుర్తులు. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తు దాకా మధ్యలో ఉన్నదంతా మింగుతుంది. గీతలు తీసి అంకెలు పెట్టు.

రూతు రిజిస్టరు తెరిచింది. పై మడి తూకమే కింద మడికీ వస్తే యేసమ్మ మళ్లీ అంకె రాయదు. రెండు చిన్న గీతలు పెడుతుంది. కాంటాల దగ్గర అందరూ అట్లాగే రాస్తారు. వాటిని రూతు గీతలుగానే కొట్టింది.

గీతలు తీసింది. అంకెలు పెట్టింది. నలభై ఎనిమిది మళ్లూ వచ్చాయి.

ఆమెకు ఏడుపు వచ్చినంత పనైంది. సార్, మీరు ఏ దేశంలో ఉంటారు, ఎప్పటికైనా మిమ్మల్ని చూసి దండం పెట్టుకోవాలి అని రాసి పంపి, ఈమెయిలు మూసేసి, ప్రింటు కోసం నిలబడింది. పావుగంట పట్టింది.

సంచి భుజానికి ఎత్తబోతే పట్టె తెగింది. రిజిస్టరు జారి కింద పడింది.

మూడో నంబరు మిషన్ ముందున్న మనిషి అప్పటికే లేచి ఇటే వస్తున్నాడు. వంగి దాన్ని ఎత్తాడు. యాభై ఏళ్లుంటాయి. రెండు చేతుల వేళ్లూ లోపలికి ముడుచుకుపోయాయి. రిజిస్టరును మణికట్ల మధ్య పట్టుకున్నాడు. తెరుచుకున్న పేజీ చూసి నవ్వాడు. ఏదో చెప్పబోయాడు.

రూతు రిజిస్టరు లాక్కుంది.

తుకారాం దగ్గరికి వెళ్లి మెల్లగానే అంది. కానీ ఆ గది ఎంతని.

"గీ రోగమున్నోళ్లను ఎందుకు రానిస్తున్నవన్నా? గవే మీటలు మేం గూడ ముట్టాలె గద."

"రోగం ఎన్నడో మానింది చెల్లె. వేళ్లే..."

ఆమె వినలేదు. బస్సులో డిచ్‌పల్లి దాటి, ఇందల్వాయి దాటేదాకా కొంగుతో రిజిస్టరు అట్ట తుడుస్తూనే ఉంది.

మీటింగులో లెక్క నిలిచింది. ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించారు.

ఆ మాట ఎన్‌కు రాయాలని తర్వాతి మంగళవారం సెంటరుకు వచ్చింది. ఈమెయిలు పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోంది. మూడో నంబరు స్టూలు ఖాళీగా ఉంది.

"గాయన వస్తలేడా అన్నా?"

తుకారాం ఆ స్టూలు వైపు చూశాడు.

"నువ్వన్నది ఇన్నడు చెల్లె. ఏమనలే. రుమాలు తడిపి ఆ మీటలన్ని తుడిసి పోయిండు."

రూతు తలదించుకుంది.

"ఎన్కట చెరుకు కాంటా కాడ రిజిస్టర్లు రాసెటోడు. బీమారొచ్చినంక డిచ్‌పల్లి కుష్టు దవాఖానల ఉండి, ఆడనే కంప్యూటరు నేర్సిండు. మణికట్టుకు పెన్సిలు కట్టుకొని ఒక్కొక్క మీట ఒత్తుతుండె. ఒక్క లైనుకు ఎంతసేపో. నిన్న ఆయన ఉండే కాడికి నేనే పోయి అడిగిన. సంచి సదురుకొని పోయిండంట. మళ్లెప్పుడొస్తవని అడిగెటోళ్లు లేరు గద."

పేజీ తెరుచుకుంది. ఎన్ నుంచి ఒక జవాబు. శుక్రవారం పదకొండు ఇరవైకి వచ్చింది. అప్పుడు ఆమె ప్రింటు కోసం నిలబడి ఉంది.

ఈ దేశమే. మూడో నంబరు మిషన్. దండం వద్దు.

ఎన్ అని సంతకం పెట్టే నర్సన్న, 2004 ఫిబ్రవరి 13, శుక్రవారం తర్వాత ఆ సెంటరుకు మళ్లీ రాలేదు.