పొగాకు పిలక

"కరెంటు పెట్టి కాలుస్తరా, పెట్టకుండ కోస్తరా? ముందు గది చెప్పండి మేడమ్" అన్నాడు వెంకటనారాయణ, కుర్చీ అంచు మీద కూర్చొని.

డాక్టర్ ప్రసూన పెన్ను కింద పెట్టింది. ఇలాంటి ప్రశ్నలకి ఆవిడ ఎప్పుడూ విసుక్కోదు.

దుమ్ముగూడెం నుంచి పొద్దున్నే బయల్దేరి ఖమ్మంలోని ఈ దవాఖానాకి వచ్చారు వెంకటనారాయణ, ఆయన భార్య బుల్లెమ్మ. పోయిన నెల కెమెరా పంపి చూస్తే పెద్దపేగులో అయిదు మిల్లీమీటర్ల కండ పిలక (పాలిప్) ఒకటి కనిపించింది. తాగమన్న మందు సగం తాగి, సగం అరటి మొదట్లో పారబోసిన పుణ్యమా అని పేగు శుభ్రపడక, ఆ రోజు తీయడం కుదరలేదు. అందుకే ఈసారి వెంకటనారాయణ రెండు ప్యాకెట్లు కొన్నాడు. చివరి గ్లాసు దాకా బుల్లెమ్మ ఎదురుగా కూర్చొని, ముక్కు మూసుకొని మరీ తాగాడు.

నిన్నటి నుంచి ఇద్దరి కడుపులోనూ మెతుకు లేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఒకరు పస్తుంటే రెండోవాళ్ళు కంచం ముందు కూర్చున్నది లేదు.

"మూడు పద్ధతులున్నాయి" అంది ప్రసూన. "చిన్న పటకారుతో గిల్లొచ్చు. సన్నటి తీగతో ఉచ్చు వేసి, బిగించి కోయొచ్చు. అదే ఉచ్చుకి కరెంటిచ్చి, కాల్చి కోయొచ్చు."

"గిల్లుడు వద్దే వద్దు. పొగాకు తోటల ముప్పై ఏండ్లు పిలకలు తీసినోన్ని. పైపైన గిల్లితే మొదలు మిగుల్తది. వారం తిరగ్గానే మళ్ల లేస్తది."

"ఇక్కడా అంతే. ఆవగింజంతదైతే గిల్లినా పోతుంది. దీనికి తీగే నయం. చుట్టూ కాస్త మంచి పొరతో సహా వచ్చేస్తుంది."

"మరి కరెంటు?"

"అది పెద్దవాటికి. కాలిన చోట పుండు లోతుగా పడితే, వారం పది రోజుల తర్వాత కూడా రక్తం పోవచ్చు. ఉత్త తీగతో కోస్తే అప్పుడే కాస్త కారుతుంది, చాలావరకు దానంతటదే ఆగుతుంది."

వెంకటనారాయణ గుండెల్లో రాయి పడింది. పది రోజుల తర్వాతంటే దుమ్ముగూడెంలో ఉంటారు. అక్కడి నుంచి ఖమ్మం చేరాలంటే మూడు గంటల పైమాటే. మోటారు ఫ్యూజు వేస్తూ ఒకసారి తిన్న షాకు కూడా ఇప్పుడే గుర్తు రావాలా?

"కరెంటొద్దు మేడమ్. ఉత్త తీగే."

"అవ్ తల్లీ, తీగే మంచిగుంది" అంది బుల్లెమ్మ. "ఇగ ఊకో అయ్యా. ఆమెను పని చేసుకోనియ్యవా ఏంది?"

"కోసేటప్పుడు నొస్తదా?" వెంకటనారాయణ ఊరుకోలేదు.

"మత్తిస్తాం. ఏమీ తెలీదు."

"మత్తు దిగుతదా?"

"దిగేదాకా నేనూ ఇంటికి వెళ్ళను" అని నవ్వింది ప్రసూన.

ఆ మాట పూర్తిగా వినకుండానే ఆయన బాత్రూమ్ వైపు పరుగు తీశాడు. పొద్దుటి నుంచి అది నాలుగోసారి. తిరిగొచ్చేసరికి మొహం పీక్కుపోయి ఉంది.

"చెమటలు చూడు" అంటూ బుల్లెమ్మ, గాజులు ఇంట్లోనే తీసి పెట్టి వచ్చిన చేత్తో, కొంగు పట్టి ఆయన నుదురు తుడిచింది. "పొలంల తాచుపామును కట్టెతోటి కొట్టినోనివి. జొన్నగింజంత పిలకకు గింత భయమా?"

"భయమే" అన్నాడు. దాచుకోలేదు. వంటింట్లో పక్కపక్కన ఉండే రెండు పీటల్లో ఒకటి ఖాళీగా ఉన్నట్టు నిన్నటి నుంచి ఒకటే ఊహ.

"దీన్ని తీసేస్తే రేపటి పెద్ద జబ్బు రాకుండా ఆపినట్టే. ధైర్యంగా ఉండండి" అని ప్రసూన లోపలికి వెళ్ళింది.

కాసేపటికి సిస్టర్ యశోద ఆకుపచ్చ గౌను పట్టుకొని తలుపు తీసింది. "టైమైంది. ఈసారన్న మందు పూర్తిగ తాగిండ్రా?"

"బొట్టు మిగల్లే" అన్నాడు వెంకటనారాయణ, లేచి నిలబడుతూ. కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు.

యశోద గౌను ముందుకు చాపింది.

"నువ్వు కూసో అయ్యా. పిలక నాది గదా, నువ్వు తోడుకే తాగితివి" అంటూ బుల్లెమ్మ అందుకుంది.