వారసత్వ ఉద్యోగం

దేశమంతా ఎండ, గాలి కరెంటుతో నడవడం మొదలై ముప్ఫై ఏళ్లయింది. మూతబడిన ఎనిమిదో ఇంక్లైన్ బొగ్గుబాయి ఇప్పుడు మ్యూజియం. అక్కడ ముసలి కార్మికుడు ఓదెలు ఉద్యోగం దగ్గడమే. రోజూ బడిపిల్లల ముందు నిలబడి, తెల్ల గుడ్డలోకి నల్లటి కళ్లె ఉమ్మేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

ఓదెలు చనిపోయాక కూతురు రవళి వారసత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. తండ్రి కొలువు పిల్లలకు ఇవ్వడం గనుల నాటి ఆనవాయితీ. ఊళ్లో వేరే పని కూడా లేదు. సోలార్ పలకలు తుడవడం సైతం మిషన్లే చేసుకుంటున్నాయి.

మ్యూజియం డాక్టర్ ఆమె ఎక్స్‌రే చూసి పెదవి విరిచాడు.

"ఊపిరితిత్తులు మంచిగున్నయి బిడ్డా. అన్‌ఫిట్."

"ఇంకోసారి చూడరాదు సార్?"

"ఆర్నెల్లకు రా. జర ఖరాబు చేసుకొని రా."

ఇంటికొచ్చి చెబితే తల్లి లచ్చవ్వ ఏడవలేదు. భర్త గుర్తుగా దాచుకున్న బొగ్గుపెళ్లను రోట్లో వేసి మెత్తగా దంచింది. కిటికీలు మూసింది. తన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, ఆ పొడి పోసిన పళ్లెం కూతురి ముందుకు జరిపింది.

"మీ బాపు పేరు నిలబెట్టాలె. గట్టిగ పీల్చు బిడ్డా."