ఎండకు కందిపోయే పాప

మూడు కొట్టగానే జబులిలే చంటిపిల్లల తోపుడు బండిని పెరటి గేటు దాటించింది.

దొరసాని మారిట్స్‌బర్గ్‌లో ఉన్న పుట్టింటికి వెళ్ళింది. చీకటి పడితేగానీ రాదు. దొర ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరవుతుంది. జబులిలే గంజి పెట్టిన నీలం గౌను, దాని మీద తెల్ల ఏప్రన్ వేసుకుంది. తలకు తెల్లగుడ్డ కట్టుకుంది. నల్లవాళ్ళు ఈ ఊళ్ళో ఉండాలంటే చూపించాల్సిన పాసు పుస్తకం జేబులో ఉందో లేదో రెండుసార్లు తడిమి చూసుకుంది. బండి మీద ఒత్తుగా అల్లిన జాలితెర నాలుగు వైపులా దించి, అంచులు పరుపు కిందికి దోపింది.

డర్బన్ సముద్రం ఆ ఇంటికి రెండు వీధుల అవతలే. ఏడు నెలలుగా రోజూ ఈ బండి తోసుకుంటూ అక్కడికి వెళ్ళొస్తోంది. ఏ రాయి దగ్గర చక్రం ఎగిరిపడుతుందో కూడా ఆమెకు తెలుసు.

ఇవాళ ఏదో అనిపిస్తుందనుకుంది. ఏమీ అనిపించలేదు. చేతులు తోస్తున్నాయి. కాళ్ళు నడుస్తున్నాయి. అంతే.

ఒడ్డున ఏ బెంచీ మీద చూసినా ఒకటే రాత: 'తెల్లవాళ్ళకు మాత్రమే'. జబులిలే ఒక బెంచీ చివర కూర్చుంది.

"ఏయ్! కళ్ళు కనపడటం లేదా? లే!"

పోలీసు. పాతికేళ్ళుంటాయి. ఎండకు ముక్కు మీద తోలు లేచిపోయింది. జబులిలే లేచి నిలబడింది. అప్పుడు అతని చూపు బండి మీద పడింది.

"పాపతో వచ్చావా? ముందే చెప్పొచ్చుగా. కూర్చో, కూర్చో. పాసుందా?"

"ఉంది దొరా."

చూడకుండానే వెళ్ళిపోయాడు. తెల్లబిడ్డ పక్కన ఉన్నంతసేపే నల్ల ఆయాకు ఆ బెంచీ మీద చోటు. బిడ్డ లేకుండా కూర్చుంటే జైలు.

కాసేపటికి మాఖుమలో వచ్చి పక్కన కూలబడింది. ఆవిడ ఎదురింటి ఆయా. ఆవిడ పెంచే దొరబిడ్డలిద్దరూ ఇసుకలో కొట్టుకుంటున్నారు.

"ఏమే జబూ, ముఖం అలా వేలాడేశావు?"

"ఏం లేదు."

"ఊళ్ళో నీ పిల్ల బాగుందా?"

"బాగుంది."

"మొన్న క్రిస్మస్‌కి ఊరెళ్తే మావాడు నన్ను చూసి మా అమ్మ వెనకాల దాక్కున్నాడే! 'ఆ కొత్తావిడ ఎప్పుడెళ్తుంది' అని అడిగాడట. ఈ దెయ్యాలిద్దరూ చూడు, నేను స్నానానికి వెళ్ళినా తలుపు దగ్గరే కాపలా."

మాఖుమలో పకపకా నవ్వింది. నవ్వాల్సిన చోటని తెలిసి జబులిలే కూడా నవ్వింది.

"ఫిలిసివేను పట్టుకెళ్ళారు, విన్నావా? కొడుక్కి జ్వరమొస్తే ఊరి నుంచి తెప్పించి రెండు రోజులు తన గదిలో పెట్టుకుంది. ఎవరో చెప్పేశారు. పాసు రద్దు చేసి రైలెక్కించారు. ఇక ఈ జన్మలో ఈ ఊళ్ళో దానికి పని పుట్టదు."

"పాపం."

"పాపమేంటి, బుద్ధుండక్కర్లా? పనిమనిషి గదిలో పనిమనిషే ఉండాలని దానికి తెలీదూ?"

అంటూనే మాఖుమలో కళ్ళు తుడుచుకుంది. ఇంతలో పిల్లలు నీళ్ళ వైపు పరుగెత్తారు. తిట్టుకుంటూ వాళ్ళ వెంట పడింది.

ఆ తరవాత కుక్కపిల్లను నడిపించుకుంటూ ఒక ముసలి తెల్లావిడ బండి దగ్గర ఆగింది.

"అబ్బ, ఎంత బుద్ధిగా పడుకుందో! ఒక్కసారి చూడనీ."

ఆవిడ చెయ్యి తెరను తాకేలోపే జబులిలే చెయ్యి దాని మీద పడింది.

"వద్దమ్మగారూ. ఎండ తగిలితే ఒళ్ళు కందిపోతుంది."

"అవునవును. మా పిల్లల చర్మం అంతే. మీకేం, ఎంత ఎండైనా ఒకటే. అదృష్టవంతులు."

"అవునమ్మగారూ."

"పోలిక ఎవరిది?"

"అచ్చం వాళ్ళమ్మదే."

"నీకు పాపంటే ప్రాణంలా ఉందే!"

జబులిలే సముద్రం వైపు చూసింది.

"నా పనే అది కదమ్మగారూ."

ముసలావిడ మెచ్చుకోలుగా తలూపి వెళ్ళిపోయింది. దూరమయ్యేదాకా ఆగి, జబులిలే బండిని నీళ్ళ వైపు తిప్పింది. అటు పక్క మాత్రమే తెరను జానెడు ఎత్తింది. పెద్ద కెరటం ఒకటి వచ్చి విరిగింది. ఇంకొకటి వచ్చింది. పదిహేను దాకా లెక్కపెట్టి తెర దించేసింది.

తిరుగుదారిలో రోడ్డు మీద అదే పోలీసు. బండిని చూసి చెయ్యెత్తి కార్లన్నీ ఆపాడు. "దారివ్వండి, చిన్న దొరసాని వస్తోంది!" అని బండికి సెల్యూట్ కొట్టాడు. కార్లలో వాళ్ళు నవ్వారు. జబులిలే తలవంచి రోడ్డు దాటింది.

పెరట్లో నీళ్ళతొట్టి వెనక వాళ్ళమ్మ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తెల్లారుజామున ఊరి నుంచి వచ్చింది. కూతుర్ని చూడగానే లేచింది.

"ఎంతసేపే! రైలు ఐదింటికి. దొరసాని తన పిల్లతో ముందే తిరిగొచ్చేస్తుందేమోనని నా ప్రాణం నా దగ్గర లేదు. ఎవరైనా చూశారా?"

"అందరూ చూశారమ్మా. పోలీసాయన సెల్యూట్ కూడా కొట్టాడు."

అమ్మ నవ్వలేదు. మూటలోంచి దుప్పటి తీసి భుజాన వేసుకుని, నడుం వంచి నిలబడింది.

జబులిలే జాలితెర తొలగించి, పుట్టిన ఇరవై రోజులకే వదిలి వచ్చిన తన కూతుర్ని ఎత్తి, దుప్పటితో అమ్మ వీపుకు కట్టింది.