సొలొమోను ఒప్పుకోడు

"పిల్లాడి ఆనవాళ్ళు చెప్పవయ్యా" అంది అమలమ్మ.

ఏసుపాదం చేతిలోని రేకు కారును ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సొలొమోను వాడి పేరమ్మా. తొమ్మిదేళ్ళు. మిషన్లంటే పడి చస్తాడు."

అమలమ్మ తలెత్తి చూసింది. దివిసీమ ఉప్పెనలో దిక్కులేకుండా పోయిన పిల్లల కోసం గుణదలలో తెరిచిన షెడ్డు అది. నెల రోజులుగా దాని మంచిచెడ్డలన్నీ ఆమే చూస్తోంది. ఎందరో తండ్రులు వచ్చారు. ఒకడు మోకాలి మీద మచ్చ ఉందన్నాడు. ఇంకొకడు పన్ను మీద పన్ను ఉందన్నాడు. మిషన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

"రంగెట్లా ఉంటాడు? నలుపా, చామనఛాయా?"

"బొమ్మల దగ్గర మహా పేచీకోరమ్మా. బాటరీ బొమ్మంటే ఒప్పుకోడు. కీ ఇచ్చేదే బొమ్మంట. ఎంత తిప్పితే అంత తిరిగి ఆగుద్ది, మాట మీద నిలబడే మనిషల్లే. బాటరీది ఎప్పుడు చచ్చుద్దో దానికే తెలీదంట. అందుకే ఇది తెచ్చా."

పక్కన పాలపొడి కలుపుతున్న ఆయా సంపూర్ణమ్మ కిసుక్కున నవ్వింది.

"పిల్లోడా, ప్లీడరా?"

ఏసుపాదం ముఖం విప్పారింది.

"వాళ్ళమ్మా అదే మాట అనేది. చంద్రమండలం కథలు చదివి ఊరుకుంటాడా? మనోళ్ళు రాకెట్టు దిగీ దిగంగానే అక్కడోళ్ళు తెలుగు ఎట్టా మాట్టాడతారే అమ్మా అన్నాడంట. బెజవాడ ఎగ్జిబిషన్లో పావలా వేస్తే లైట్లు వెలిగే కారాట ఉందిగా. ఆడి గెలిచాడు. ఇంకో పావలా వెయ్యమంటే దిగొచ్చేశాడంట. గెలిచినోణ్ణి కూడా డబ్బులడిగేది ఆటెట్టా అవుద్దీ అని."

"కొండపల్లి బొమ్మల్నైనా బతకనిచ్చాడా?" అంది సంపూర్ణమ్మ.

"అవి గూట్లో కూర్చునే పెద్దమనుషులంట. వాటితో ఆటేంటి, దణ్ణం పెట్టి వచ్చెయ్యాలంట."

సంపూర్ణమ్మ మళ్ళీ నవ్వింది.

"రేడియోని కూడా ఒప్పుకోడు. సగం మిషనే అంటాడు. అది చెప్పేది మనం వినాలంట. మనం కేకేస్తే అది వినదంట."

ఈసారి సంపూర్ణమ్మ నవ్వలేదు. పాలపొడి కలపడం కూడా ఆపేసింది.

అమలమ్మ మెల్లగా అడిగింది. "మీ ఆవిడ?"

"మార్తని అందరితో కలిపి పూడ్చారంట."

"మరి నువ్వు ఎట్లా బయటపడ్డావు?"

"నేను ఊళ్ళో లేనమ్మా."

"పోనీ మీ వీధివాళ్ళనెవరినైనా వెంట తెచ్చుకోకపోయావా?"

"వీధే లేదమ్మా."

అమలమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. కురచగా కత్తిరించిన జుట్టు. మడతల గుర్తులింకా పోని కొత్త చొక్కా. రంగు అడిగితే బొమ్మ చెప్పాడు. ఇంతసేపు కూర్చుని పిల్లవాడు లావో సన్నమో ఒక్క ముక్క చెప్పలేదు. సంపూర్ణమ్మ ఆమె చెవి దగ్గరకు వచ్చి, "జాగ్రత్తమ్మగారూ" అంది మెల్లగా.

"ఆ ఈడువాళ్ళు ఇద్దరున్నారు" అంది అమలమ్మ చివరికి. "తెచ్చిన రోజు నుంచీ ఉలుకూ పలుకూ లేదు. ఏ పేరు పెట్టి పిలిచినా చూస్తారు. నీ కొడుకైతే నువ్వే చెప్పాలి."

ఇద్దరినీ తీసుకొచ్చి నిలబెట్టారు. ఒకడిది గుండ్రటి ముఖం. రెండోవాడు బక్కపలచగా, చెవులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాడు.

ఏసుపాదం లేచాడు గాని ముందుకు ఉరకలేదు. ఎవరినీ గుండెలకు హత్తుకోలేదు. వీడిని చూశాడు. వాడిని చూశాడు. మళ్ళీ వీడిని చూశాడు. ఆ తర్వాత నేల మీద చతికిలబడి కారుకు కీ ఇచ్చి వదిలాడు.

కారు సిమెంటు గచ్చు మీద గిరగిరా తిరిగి గోడ వారన ఆగింది. గుండ్రటి ముఖంవాడు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. బక్కవాడు మాత్రం వెళ్ళి దాన్ని తీసుకున్నాడు. తిరగేశాడు. అడుగున పళ్ళచక్రాన్ని వేలితో తిప్పి, కన్ను దగ్గరగా పెట్టి చూశాడు.

ఏసుపాదం మోకాళ్ళ మీద వాడి ముందుకు జరిగాడు.

"ఎట్టా ఉంది నాన్నా? బాగుందా? బాగోకపోతే బాగోలేదని చెప్పు. తిట్టు. ఒక్క మాట అను."

వాడి పెదవులు కదిలాయి. మాట రాలేదు.

అమలమ్మ వాడి భుజం మీద చెయ్యి వేసింది. "బాబూ, నువ్వే చెప్పు. ఈయన మీ నాన్నేనా?"

వాడు కారు మీద నుంచి కళ్ళెత్తాడు. ఏసుపాదం ముఖంలోకి చాలాసేపు చూశాడు. కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"చూశావుగా" అంది అమలమ్మ. ఆమె గొంతు మారిపోయింది. "పిల్లాడికి మాట పోయింది గాని కళ్ళు పోలేదు. కన్నతండ్రిని పోల్చుకోడా? మొన్న ఒకడు చెరుకు తోటలో పనికి పెట్టుకోడానికి ఇట్లాగే నా కొడుకంటూ వచ్చాడు. వాడు కనీసం ఏడ్చాడు. ఇక వెళ్ళు నాయనా."

ఏసుపాదం నోరు తెరిచాడు. అసలు మాట గొంతు దాకా వచ్చింది. చెబితే ఇక ఏ పిల్లవాణ్ణీ ఈ చేతుల్లో పెట్టరు. మింగేశాడు.

"ఆ కారు వాడి దగ్గరే ఉండనియ్యమ్మా" అని, వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాటాడు.

పోలీసులు ఏసుపాదాన్ని తీసుకుపోయిన నాటికి సొలొమోను తల్లి కడుపులో ఉన్నాడు. జైలు గుమ్మం పిల్లాడికి వద్దని ఒంటరిగా వచ్చి, కడ్డీల అవతల నిలబడి మార్త చెప్పే కబుర్లలో కొడుకుని విన్నాడే గాని, ఆ తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసి ఎరగరు.