క్లోరోఫాం సార్ పాఠం

ఫరీదుద్దీన్ గొంతు సవరించుకుని టేప్ రికార్డర్ మీద ఎర్ర బటన్ నొక్కాడు.

"సల్ఫేట్. సల్ఫైట్. బైసల్ఫేట్. బైసల్ఫైట్. థయోసల్ఫేట్..."

మంచం అంచున కూర్చున్న లింబాద్రి భక్తిగా తల ఊపాడు. కాసేపటికి కళ్ళు మూసుకున్నాడు. ఏకాగ్రత అనుకున్నాడు ఫరీదుద్దీన్.

మెసయీద్ ఎరువుల ఫ్యాక్టరీలో ఫరీదుద్దీన్‌ది ల్యాబ్, లింబాద్రిది యూరియా బస్తాలు నింపే సెక్షన్. ఇద్దరిదీ జగిత్యాల వైపే. ఖతర్‌కు రాకముందు ఫరీదుద్దీన్ జగిత్యాలలో కెమిస్ట్రీ ట్యూషన్లు చెప్పేవాడు. పిల్లలు చాటుగా క్లోరోఫాం సార్ అనేవారు. ఆ మాట ఆయన చెవిన పడింది. నిద్రపోయే పిల్లల మీద కోపం రాలేదు. తన గొంతు మీద అనుమానం వచ్చింది. అప్పటి నుంచి ఎవరితో మాట్లాడుతున్నా మధ్యలో ఆగి ఎదుటివాళ్ళ కనురెప్పలు చూడటం అలవాటైంది. సముద్రం అవతల ఉద్యోగం దొరికినప్పుడు, ఇక గాజు గొట్టాలతో తప్ప మాట్లాడే పని ఉండదని ఊపిరి పీల్చుకున్నాడు.

అలాంటివాడి గది తలుపు తట్టి లింబాద్రి ఒక ఖాళీ క్యాసెట్ చేతిలో పెట్టాడు.

"మా అన్న మీ దగ్గరనే సదువుకున్నడు సార్. మీ పాఠం ఎట్లుంటదో ఇప్పటికీ చెప్తడు. గట్లనే ఒక దిక్కు నిండ చెప్పుండ్రి. ఇంటికి పంపాలె."

"నీ పెండ్లాం పరీక్ష గిట్ల కడుతున్నదా?"

లింబాద్రి కొంచెం ఆలోచించి, అట్లనే అనుకోండ్రి అన్నాడు. సాయవ్వను పెళ్ళి చేసుకున్న కొత్తలోనే విమానం ఎక్కినవాడు. సిగ్గుపడుతున్నాడని ఫరీదుద్దీన్ మరి అడగలేదు.

అలా మొదలైంది. క్యాసెట్‌కు ఒక వైపు పాఠం. రెండో వైపు లింబాద్రిది. దాని కోసం అతను రికార్డర్ పట్టుకుని క్వార్టర్ల వెనక, ఏసీల మోతలోకి వెళ్ళి, చాలాసేపటికి వచ్చేవాడు. సెలవు మీద ఊరికి పోయేవాళ్ళెవరో ఒకరు క్యాసెట్ తీసుకెళ్ళేవారు.

శిష్యుడి కోరికలు కూడా వింతగా ఉండేవి. పొడుగు పేర్లు కావాలనేవాడు. పొటాషియం డైక్రోమేట్ అనగానే మొహం వెలిగిపోయేది. ఒక ఉదాహరణ చెప్పబోతే, వద్దు సార్, ఉత్త పేర్లే చాలు అనేవాడు. శుద్ధ శాస్త్రం మీద ఇంత మమకారం ఉన్నవాణ్ణి ఫరీదుద్దీన్ ఎన్నడూ చూడలేదు.

ఊరి నుంచి జవాబు క్యాసెట్లు వచ్చేవి. పాఠం బాగుందనీ, ఇంకా ఎక్కువసేపు చెప్పమని సాయవ్వ అడిగిందనీ లింబాద్రి చెప్పేవాడు. ఇంకా ఎక్కువసేపు. జీవితంలో ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని రికార్డు చేయడం మొదలుపెట్టాడు.

ఒక్కటే బెంగ. దుబాయ్ క్యాసెట్ వచ్చిందంటే వాడకట్టంతా లింబాద్రి ఇంట్లో చేరుతుందట. ఖతర్ కూడా ఆ ఊరికి దుబాయే. అంత మందిలో ఆ అమ్మాయి తలకు ఏం ఎక్కుతుంది? ఆమె కోసమైనా పాఠం మారాలి. ఈసారి అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకున్నాడు. లింబాద్రి డ్యూటీలో ఉండగా ఒక్కడే కూర్చుని బటన్ నొక్కాడు.

"సోడియం ఇంట్ల ఒక్క ఎలక్ట్రాన్ ఎక్కువున్నది, పెండ్లీడు పిల్ల లెక్క. క్లోరిన్ ఇంట్ల ఒక్క జాగ ఖాళీ. సంబంధం కుదిరింది. ఇచ్చినోని పేరు ముందల, తెచ్చుకున్నోని పేరు ఎనుక. పిల్ల ఇంట్ల అడుగు పెట్టంగనే క్లోరిన్ బుద్ధి మారింది, పేరు గూడ మారింది. క్లోరైడ్ అయిండు. ఇగ ఇనుమున్నడు. ఈడు మాయగాడు. ఒకచోట నాకు ఇద్దరు పిల్లలంటడు, ఇంకోచోట ముగ్గురంటడు. అందుకే ఈనికి రెండు పేర్లు, ఫెర్రస్, ఫెర్రిక్. ఒకనాడు ఆక్సిజన్ వచ్చి గడపల నిలబడ్డడు. నిజం చెప్పు, పిల్లలు ఎందరని అడిగిండు..."

అక్కడ టేపు అయిపోయింది.

లింబాద్రి డ్యూటీ దిగి వచ్చి, పాఠం వినకుండానే రెండో వైపు నింపుకుని, ఊరికి బయలుదేరిన హన్మాండ్లు చేతికి క్యాసెట్ ఇచ్చాడు.

హన్మాండ్లు తిరిగొచ్చిన శుక్రవారం, జవాబు క్యాసెట్‌ను ఫరీదుద్దీన్ గదిలోనే ఇద్దరూ పెట్టుకుని విన్నారు. ముందు లింబాద్రి తల్లి బాలవ్వ గొంతు వచ్చింది.

"సారూ, ఇనుము సంగతేమాయె? ఆక్సిజన్ పిలగాడు ఊకున్నడా, లేకుంటె పంచాయితి పెట్టిండా? మాకు ముద్ద దిగుతలేదు."

వెనక ఎవరో, ఇనుము అచ్చం మా మేనమామే అన్నారు. పిల్లలు ఫెర్రస్ ఫెర్రిక్ అని గంతులేస్తున్నారు. మళ్ళీ బాలవ్వ గొంతు.

"ఒక్కలు లేవలేదు సారూ. కథ ఇంకింత ఉంటదేమోనని రెండో దిక్కు గూడ అందరం కూసోని విన్నం."

టేపులో నవ్వులు ఎగసిపడ్డాయి. సాయవ్వ గొంతు ఎక్కడా లేదు.

లింబాద్రి బటన్ నొక్కి ఆపేశాడు. చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి.

ఫరీదుద్దీన్ అవేవీ చూడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఒక్కలు లేవలేదు. జగిత్యాలలో వాలిన కనురెప్పలన్నీ ఇవాళ ఒక్కసారిగా తెరుచుకున్నట్టు అనిపించింది. ఖాళీ క్యాసెట్ కోసం చెయ్యి చాచాడు.

"ఈసారి రాగి సంగతి చెప్తా లింబాద్రీ. అది గూడ ఇనుము బాపతే."

లింబాద్రి ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మీకు దండం పెడత సార్, మునుపటి లెక్కనే చెప్పుండ్రి, మీ పాఠానికి మా అవ్వ, వాడకట్టు అందరు లేచి పోతెనే గద రెండో దిక్కు నా మాటలు సాయవ్వ ఒక్కతే వినేది."