గుమ్మం బయట ప్రిన్సిపాల్

కాలేజీలో తట్టు అంటుకున్న పిల్లలందరినీ వ్యాయామశాలలో పెట్టి తలుపు మూశారు. డాక్టరు కావాలని వాళ్లు కబురు పెడితే, ప్రిన్సిపాల్ టోర్బెన్ దాల్చినచెక్క రొట్టెల పళ్లెంతో, వెంట ఫొటోగ్రాఫరుతో వచ్చాడు.

గుమ్మం బయటే ఆగి, పళ్లెం నేలమీద పెట్టి, బూటు కొసతో లోపలికి నెట్టాడు.

"కుక్కకైనా చేత్తో పెడతారు, టోర్బెన్!" అంది టిల్డె మంచం మీంచి. డెన్మార్క్‌లో మేం ప్రిన్సిపాల్‌నైనా పేరు పెట్టే పిలుస్తాం.

"కాలేజీ అంతా ఒకే కుటుంబం. ధైర్యంగా ఉండండి," అన్నాడతను కెమెరాకేసి నవ్వుతూ.

"కుటుంబమైతే లోపలికి రండి. నా పక్క మంచం పిల్లకి ఊపిరాడటం లేదు. డాక్టరేడీ?"

"రేపు చూద్దాం. ఇవాళ కాలేజీ చూడ్డానికి కొత్తవాళ్లొస్తున్నారు. డాక్టరు కనిపిస్తే బెదిరిపోరూ? నేను లోపలికొస్తే నాకూ అంటుకుంటుంది."

టిల్డె దుప్పటి తోసేసి లేచి కూర్చుంది. ముఖమంతా ఎర్రటి దద్దుర్లు.

"నీకు చిన్నప్పుడే తట్టు పోసిందని నానమ్మ చెప్పిందిగా. మళ్లీ ఎలా అంటుకుంటుంది, నాన్నా?"

ఫొటోగ్రాఫరు ఆమె ముఖాన్ని ఒక ఫొటో తీసి, కెమెరా దించి, అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

టోర్బెన్ కూతురి వంక చూడనైనా లేదు. "ఆ చివరి ఫొటో చెరిపెయ్," అన్నాడు.