దెబ్బ పడే జాగ

“పాదం పాదానికి ఎందుకాగుతున్నవవ్వా? గిట్ల తాళం తప్పితే మా కాలేజీల మార్కులెయ్యరు” అంటూ సుగుణ టేపు రికార్డరు ఆపింది. సంగీత కళాశాల పరీక్షకు అవ్వ పాట పట్టుకుపోదామని హైదరాబాదు నుంచి చిట్యాలకు వచ్చిందామె.

“నేను ఆగలే బిడ్డా. గా జాగ మీ తాత మగ్గం దెబ్బది” అంది వెంకటనర్సమ్మ.

సుగుణ మూలనున్న మగ్గం వైపు చూసింది. తాత పోయి ఆరేళ్లు.

టేపు వెనక్కి తిప్పి వినిపించింది. పాటలో ఖాళీ వచ్చిన ప్రతిసారీ అవ్వ తల ఊగింది. పాట అయిపోయింది. చప్పుడు లేని టేపు తిరుగుతూనే ఉంది, అవ్వ తల ఊగుతూనే ఉంది.

సుగుణ చెయ్యి మీట మీదికి పోయింది.

అవ్వ ఆ చెయ్యి పట్టుకుంది. “ఆపకు బిడ్డా. మీ తాత ఇంకా మగ్గం దిగలే.”